టీవీ రాని రోజు

ఆ ఉదయం రోజలిన్, ఎదురింటి ధనశ్రీ జాకెట్టుకి రెండు చేతులూ ఒకే పక్కవి కత్తిరించేసింది. పెళ్లికి ముందు నుంచీ మిషను తొక్కుతున్న మనిషి. చర్చి వాళ్లు నడిపిన కుట్టు సెంటర్లో పని నేర్చుకున్నప్పుడు కూడా ఇలాంటి తప్పు చేయలేదు. కత్తిరించిన రెండు ముక్కల్నీ ఒడిలో పెట్టుకుని కాసేపు అలాగే చూస్తూ కూర్చుంది.

కంచరపాలెంలో రైలు కట్టకి ఇవతల, రెండు గదుల ఇల్లు వాళ్లది. భర్త యోహాన్ హార్బరు దగ్గర ఓ హోటల్లో వంట నేర్చుకుని, తర్వాత సరుకు ఓడల్లో కుక్‌గా చేరాడు. ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ల మీదే. కూతురు నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటోంది. ఇంట్లో మిగిలేది రోజలిన్, అత్త దీవెనమ్మ.

గాజాలో యుద్ధం మొదలయ్యాక ఎర్ర సముద్రంలో పోయే ఓడల మీద డ్రోన్లు, క్షిపణులు పడటం మొదలైంది. యోహాన్ ఓడ ఆ దారినే రావాలి. మొన్న సూయజ్ కాలువ దగ్గర్నుంచి ఫోన్ చేశాడు.

“రేపట్నుంచి ఫోనుండదు. ఓడ సిగ్నలు కూడా ఆపేత్తారు. మ్యాపులో ఓడ గుర్తు కదలకపోతే కంగారుపడకు. అమ్మకి మాత్రం సెప్పకు, బీపీ పెరుగుద్ది.”

అలాగేనంది. ఆవేళ పొద్దున్నే ఫోన్ తెరవగానే వార్త కనబడింది. ఎర్ర సముద్రంలో సరుకు ఓడ మీద క్షిపణి పడిందట, మంటలట. ఓడ పేరు ఇంకా తెలియలేదట. ఓడలు ఎక్కడున్నాయో చూపించే మ్యాపు తీసి చూసింది. యోహాన్ ఓడ గుర్తు మొన్న ఆగిన చోటే ఆగి ఉంది.

ఇక పని మీద మనసెలా నిలుస్తుంది? బియ్యం కడిగిన కుండలో రెండోసారి బియ్యం పోసింది. కొళాయి నీళ్లు మంచులా ఉన్నాయి, వేళ్లు కొంకర్లు పోతున్నా గిన్నెలు తోముతూనే ఉంది. మామూలుగా చలికాలం దీవెనమ్మ పొద్దెక్కేదాకా దుప్పట్లోంచి లేవదు. ఆవేళ ఎప్పుడో లేచి, శాలువా కప్పుకుని, గుమ్మంలో ఎండకి కూర్చుంది. వార్త నిజమో కాదో టీవీలో చూద్దామని రోజలిన్ రిమోట్ నొక్కితే తెర మీద ఏమీ రాలేదు.

“టీవీ రాట్లేదు అత్తా.”

“పోన్లే. రోజూ సూసీదేటుంది అందులో?” అంది దీవెనమ్మ, ఇటు తిరక్కుండానే.

రోజలిన్ కేబుల్ ఎల్లారావుకి ఫోన్ చేసింది. వీధిలో అందరికీ తెలిసిన మనిషి. అతను వచ్చేలోపు ముంబైలో ఉన్న ఓడ కంపెనీ ఆఫీసుకి కూడా చేసింది. అవతల ఒకావిడ హిందీలో, “ఇంకా సమాచారం రాలేదు, వస్తే మేమే చెబుతాం” అంది. మళ్లీ అడిగితే అదే మాట అంది.

ఎల్లారావు వచ్చి కేబుల్ డబ్బా వెనక్కి వంగి చూశాడు.

“ఇదేటక్కా, వైరు ఎవులో పీకేసినారు. దానంతటది ఊడింది కాదిది.”

“నానే పీకేసాను,” అంది గుమ్మంలోంచి దీవెనమ్మ.

ఇద్దరూ అటు చూశారు. ముసలామె లేచి నిలబడింది.

“పొద్దున్న పాలపేకెట్టుకి ఎల్తే కొట్టుకాడ సెప్పుకుంతన్నారు, ఎర్ర సముద్రంలో ఓడ కాలిపోతందని. నువ్వు సూత్తే ఏటైపోతావోనని పీకేసాను. బైబిల్లో దేవుడు రెండు పాయలు సేసిన సముద్రమేనా అది, రోజా? మనోడు ఉన్నది అక్కడేనా?”

రోజలిన్ తలూపింది. “నీకు బీపీ పెరుగుద్దని నాను సెప్పలేదు అత్తా,” అంది.

“పెట్టరా ఎల్లారావూ,” అంది దీవెనమ్మ. “ఏదైతే అదే అవుద్ది. ఇద్దరం సూత్తాం.”

వైరు తగిలించగానే బొమ్మ వచ్చింది. సముద్రం మధ్యలో ఓ ఓడ, దాని మీంచి నల్లటి పొగ. దీవెనమ్మ తెరకి ఆనుకునేంత దగ్గరగా వెళ్లింది.

“మనోడి ఓడ రంగేటి?”

“నీలం.”

“మరిదేటి? ఎర్రదా, నీలమా? నాకు తెలీట్లేదు, నువ్వు సూడు.”

రోజలిన్ చూసింది. పొగ, మసి. రంగు ఆమెకీ తెలియలేదు. ఎల్లారావు స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇంకో ఇంటికి వెళ్లాల్సిన మనిషి, వెళ్లలేక గోడవారన కూర్చున్నాడు. కాసేపటికి అతనే లేచి, స్టవ్ మీద మాడుతున్న పప్పు దించి వెళ్లాడు.

మధ్యాహ్నం ఎవరూ అన్నం తినలేదు. జాకెట్టు కోసం వచ్చిన ధనశ్రీ, ఆ రెండు చేతుల్నీ చూసి ఏదో అనబోయి, లోపల దీవెనమ్మ ప్రార్థన వినబడి ఆగిపోయింది. సంగతి విని, “చుట్టాల పెళ్లికి వేరేది తొడుక్కుంటాన్లే వదినా” అని రోజలిన్ పక్కనే మంచం మీద కూర్చుంది.

ఎండ వాకిట్లోంచి జారిపోయాక ఫోన్ మోగింది. తెలియని నంబరు. రోజలిన్ తీయకుండా దాన్నే చూస్తుంటే ధనశ్రీ తీసి స్పీకర్ పెట్టింది.

“రోజా, నానే. కెప్టెన్ ఫోనిది. బాగున్నాను.”

రోజలిన్ ఏడుపు ఆగలేదు. అతను ఆగకుండా చెబుతూనే ఉన్నాడు. కాలిపోయిన ఓడ వాళ్లది కాదట. వాళ్లకి ముందు పోతున్నదట. నీళ్లలో పడ్డవాళ్లని వీళ్లే పైకి లాగారట.

“అందరికీ గంజి కాసి పోశాను. ఒకడు తాగట్లేదే. వాడి తమ్ముడు కూడా అదే ఓడలో ఉన్నాడంట, ఇంకా దొరకలేదు. గ్లాసు పట్టుకుని నీళ్లకేసే సూత్తన్నాడు.”

“నువ్వు వచ్చేయ్,” అంది రోజలిన్. “ఎలాగోలా వచ్చేయ్.”

“ఇంకా ఈ సముద్రం దాటాలి కదే. మళ్లీ ఫోనుండదు. అమ్మకివ్వు ఓసారి.”

దీవెనమ్మ ఫోన్ అందుకుని కొడుకుని ఒక్కటే అడిగింది: “ఆ పిల్లోడి పేరేటి, తమ్ముడు దొరకనోడిది? ప్రార్థనలో పేరెట్టి సెప్పాల.”

యోహాన్ చెప్పాడు. పరాయి దేశపు పేరు. ఆమె నోరు తిరగక రెండుమూడుసార్లు చెప్పించుకుంది. ఫోన్ పెట్టేశాక రోజలిన్ పొద్దుటి అన్నం వేడిచేసి, ధనశ్రీని కూడా కూర్చోబెట్టి ముగ్గురికీ వడ్డించింది. దీవెనమ్మ ముద్ద కలుపుతూ ఆ పేరునే మళ్లీ మళ్లీ అనుకుంటోంది.