దీపం ఆర్పని దేవదాస్

దేవుడు లేడనే మనిషికి దేవదాస్ అని పేరు పెట్టిన తండ్రిని ఏమనాలో నాకు ఇప్పటికీ తోచదు. ఆ పెద్దాయన మాత్రం ఏం చేస్తాడు, ఉయ్యాలలో ఉన్న పిల్లాడు పెద్దయ్యాక గుడి ముందు నుంచి చేతులూపుకుంటూ పోతాడని కలగన్నాడా?

నా పేరు ఓదెలు. మేం కుమ్మరులం. తాతల నాటి నుంచి ఈ ఊరి పోచమ్మకు పూజ చేసేది మా ఇంటివాళ్లే. హుస్నాబాద్ దిక్కు నుంచి వస్తే మా ఊరి ఇళ్లు కనబడకముందే మగ్గాల చప్పుడు వినబడుతుంది. నేతవాళ్ల వాడలో చాలా ఇళ్లలో కరెంటు మగ్గం ఉంది. దేవదాస్ ఆ వాడ మనిషే. కూలికి మగ్గాలు నడుపుతాడు. నాకంటే చిన్నవాడు, నన్ను మామా అంటాడు.

మా ఇద్దరికీ రోజూ చాయ్ హోటల్ దగ్గర వాదన. గుడికి జనం తగ్గిపోయారని నా బాధ. బోనాల నాడు తప్ప కుర్రాళ్లు గడప తొక్కరు. ఆ రోజు కూడా అమ్మవారికి వీపు చేసి ఫోటోలు దిగుతారు. ఒళ్లు మండిపోతుంది నాకు.

"అమ్మోరి భయం పోయింది దేవదాసూ. భయం పోయినంక మనిషి పశువైతడు. గీ ఊరు ఇగ బాగుపడదు" అనేవాణ్ణి.

"భయపడి దొంగతనం మానినోడు మంచోడు కాదు మామా. మోకా దొరకనోడు" అని నవ్వేవాడు.

మాటకు మాట ఇస్తాడు గానీ మనిషిని తప్పు పట్టడానికి లేదు. నేతలో పోగులు తెగి బట్ట చెడితే, మగ్గాల ఆసామి కంట పడకుండా మడతలో దాచేవాళ్లను నేనెరుగుదును. దేవదాస్ చెడినచోట ఎర్ర దారం కట్టి మరీ అప్పజెబుతాడు. ఎందుకయ్యా అంటే, "ఆయనకు తెల్వకున్నా నాకు తెల్సు గదా" అంటాడు. ఇలాంటివాడు అమ్మవారికి ఒక్క దండం పెడితే ఎంత బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. పెట్టడు. మొండిఘటం.

ఇక తగువు సంగతి.

భూమన్న దేవదాస్‌కు అన్న. తండ్రి పోయాక అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు. భూమన్న వాటా పక్కపొంటి ఒక బాట ఉంది. ఆ బాట వెనకనున్న సక్కుబాయి ఇంటికి పోతుంది. సక్కుబాయికి మొగుడు లేడు, ఒక మగ్గం ఉంది. నూలు చుట్టిన పెద్ద ఇనుప దిమ్మెను మా దగ్గర భీం అంటారు. నలుగురు మోస్తే గానీ కదలదు. అది మగ్గానికి ఎక్కితేనే నేత. భీం ఆ బాటలోంచి తప్ప సక్కుబాయి ఇంట్లోకి రాదు.

వెనకట ఒక వానాకాలం భూమన్న తండ్రి మగ్గం కొట్టం కూలిపోయింది. అప్పుడు సక్కుబాయి మొగుడు ఆయన మగ్గాన్ని తన ఇంట్లో పెట్టించుకుని, కొట్టం లేచేదాకా నడిపించాడు. ప్రతిఫలం ముట్టలేదు. దానికి పెద్దాయన, "గీ బాట ఇగ నీదే, నీ పిల్లలదే" అని మాటిచ్చాడు. కాయితం లేదు. కొడుకులిద్దరూ పక్కనే ఉన్నారు.

ఇప్పుడు రోడ్డు వెడల్పయింది. రోడ్డు పక్క జాగా బంగారమైంది. భూమన్న దుకాణాల మడిగెలు కట్టి కిరాయికి ఇవ్వాలనుకుని బాటకు అడ్డంగా గోడ పెట్టాడు. బాపు ఎవరికీ ఏమీ ఇవ్వలేదన్నాడు. ఇచ్చాడని దేవదాస్ అన్నాడు. "ఊకో తమ్మీ, ఒక మడిగె నీ పేరు మీద పెడ్త" అని భూమన్న ఆశ చూపాడు. దేవదాస్ మాట మార్చలేదు. సక్కుబాయి మగ్గం మాత్రం ఆగిపోయింది.

కులపెద్ద రాజేశం రెండుసార్లు కూర్చోబెట్టినా తేలలేదు. తేలని తగువు మా ఊళ్లో పోచమ్మ దగ్గరికి వస్తుంది. తడిబట్టలతో వచ్చి, నేను పట్టుకున్న పళ్లెంలో వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి మాట చెప్పాలి. దీన్నే దీపం ఆర్పడం అంటాం. ఆర్పినవాడిది నిజం. ఆర్పనివాడిది అబద్ధం. ఆ తర్వాత ఎవరూ నోరెత్తకూడదు.

బేస్తవారం పొద్దున్నే వాడంతా గుడి ముందు చేరింది. ఎన్నాళ్లకో గుడి నిండిందని నా మనసు లోపల సంబరపడింది కూడా. భూమన్న బోరింగు కింద తడిసి వచ్చాడు. గుడి పక్కన జీపు ఆగి ఉంది. పెళ్లాం పిల్లలు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. ప్రమాణం చేసి అటునుంచి అటే గుట్ట మీది దేవుడికి మొక్కు తీర్చడానికి పోతారట. అంత తొందర మొక్కు దేనికో నాకు అర్థమైంది. ఇక్కడ కాలిన చెయ్యి అక్కడ చల్లార్చుకోవచ్చు. మొక్కుకుంటే మాఫీ చేసే దేవుళ్లు మాకు కొదవ లేదు.

భూమన్న దీపం ఆర్పాడు. "బాపు బాట ఇయ్యలే" అన్నాడు.

మళ్లీ కర్పూరం వెలిగించి దేవదాస్ ముందు పెట్టాను. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను ఆర్ప మామా."

రాజేశానికి చిరాకొచ్చింది. "నువ్వు నమ్మనే నమ్మవాయె. ఆర్పితే నీకేం పోతదిరా?"

"నమ్మనిదాని మీద చెయ్యి పెట్టి నమ్మినట్టు చేస్తే, అదే మొదటి అబద్ధమైతది పెద్దబాపూ. అబద్ధంతోని మొదలువెట్టి నిజం ఎట్ల చెప్పాలె? బాపు బాట ఇచ్చిండు. నేను సూసిన, నేను విన్న. గంతే నా మాట."

సక్కుబాయి తట్టుకోలేకపోయింది. "నీ పట్టింపు నీకుంటే ఉండనియ్ దేవదాసన్నా, నా మగ్గం సంగతేంది? జర ఆ దీపం మీద చెయ్యి పెట్టరాదే. నీ కాళ్లు మొక్కుత" అని ఏడ్చింది.

దేవదాస్ ముఖం నల్లబడింది. నిజం చెబుతాను, ఆ క్షణం నాకు అతని మీద పట్టరాని కోపం వచ్చింది. ఆడమనిషి బతుకు కంటే నీ నియమం ఎక్కువా అని చెంప పగలగొట్టాలనిపించింది. అతను మాత్రం సక్కుబాయి ముఖంలోకి చూసి, "ఇయ్యాల ఉత్తుత్తిగ చెయ్యి పెడితే, రేపు నా మాట నీకు గూడ అక్కరకు రాదు చెల్లె" అన్నాడు. కర్పూరం పళ్లెంలో తనంతట తానే కాలి ఆరిపోయింది.

రాజేశం లేచి తువ్వాల దులుపుకున్నాడు. ఆచారం ప్రకారం సక్కుబాయి ఓడిపోయింది. జనం కదలబోతున్నారు. భూమన్న జీపు దాకా పోయి, ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగి వచ్చాడు. పెళ్లాం చేతిలోంచి తీసుకున్న తాళాల గుత్తి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"తమ్మీ, మేం రేపు మాపటికల్ల వస్తం. బర్రెకు కుడితి పెట్టు. బీరువా తాళం సరిగ పడుతలేదు, జర సూసుకో. మీ వదినె బంగారం అండ్లనే ఉన్నది."

ఏ ఊరికి పోయినా తాళాలు తమ్ముడికిచ్చి పోవడం భూమన్నకు అలవాటు. భూమన్నకేమిటి, వాడలో సగం మందికి అలవాటే. దేవదాస్ కూడా అలవాటుగానే చెయ్యి చాచాడు. కదలబోయిన జనం ఆగి చూశారు.

నాకు కోపం వస్తే నోరాగదు. పళ్లెం మెట్టు మీద పెట్టి కేకేశాను. "ఆగు భూమన్నా. గిప్పుడే గదా వాని మాట అబద్ధమన్నవ్? మరి తాళంచెవులు ఇచ్చేటప్పుడు దీపం ఎందుకు ఆర్పిచ్చుకోలే? కర్పూరం ఇంక ఉన్నది, వెలిగియ్యమంటవా?"

భూమన్న అడుగు ఆపాడు. తమ్ముడి చేతిలోని గుత్తి వైపు చూశాడు. ఇచ్చింది వెనక్కి తీసుకుంటే నలుగురిలో తన పరువు పోతుంది, ఉంచితే తన ప్రమాణం పోతుంది. తడిబట్టలతో అలాగే మెట్టు మీద కూలబడ్డాడు. జీపు డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టి ఊరుకున్నాడు.

"ఇచ్చిండు" అన్నాడు చివరికి, నేల చూస్తూ. "బాపు బాట ఇచ్చిండు. గోడ తీపిస్త."

దేవదాస్ వెళ్లి అన్న పక్కన కూర్చుని భుజం మీద తువ్వాల కప్పాడు. "చలి పెడుతది, పోయి బట్టలు మార్చుకో అన్నా. బర్రె సంగతి నేను సూస్త" అన్నాడు. గెలిచినవాడి మాట ఒక్కటీ రాలేదు అతని నోటి నుంచి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోను.

మధ్యాహ్నానికల్లా గోడ పోయింది. సాయంత్రం సక్కుబాయి భీం మోసింది ఎవరనుకున్నారు? అమ్మవారికి వీపు చేసి ఫోటోలు దిగే ఆ కుర్రాళ్లే. ఎవరూ పిలవకుండా వచ్చి భుజానికెత్తుకున్నారు. మళ్లీ మగ్గం ఆడేదాకా అక్కడే ఉన్నారు. ఊరు చెడిపోయిందని నేను తిట్టింది వీళ్లనే. గుడికి రానివాళ్లంతా చెడ్డవాళ్లని ఎవరు చెప్పారు నాకు? నేనే చెప్పుకున్నాను.

ఆ తర్వాత ప్రమాణం పళ్లెం పెద్దగా బయటికి రాలేదు. తగువైతే, "దేవదాస్ ఏమంటుండు?" అని అడగడం మొదలైంది. నాకు లోటేమీ లేదు. నేను అమ్మవారిని నమ్ముతాను, చచ్చేదాకా నమ్ముతాను. కానీ ఊరి మంచితనం బరువంతా ఆ తల్లి నెత్తినే ఉందనుకోవడం మానేశాను. ఆమెకూ కాస్త తెరిపి దొరికింది.

మొన్న ఆసిఫాబాద్‌లో నా బిడ్డకు కాన్పు అయింది. పోక తప్పలేదు. పూజ లేకుండా గుడి మూతపడడం నాకు ఇష్టం లేదు. మా పాలివాళ్లలో ఒకడు, "ఫికర్ జెయ్యకు, అమ్మోరి మీద ఒట్టు, రోజూ దీపం పెడ్త" అన్నాడు. ఆ ఒట్టు విని భయమేసి, గుడి తాళంచెవి తీసుకుపోయి దేవదాస్ చేతిలో పెట్టాను.

"నేను మొక్క మామా" అన్నాడు.

"మొక్కమన్ననా? దీపం పెట్టుమన్న."

"పెడ్త" అన్నాడు. ఒట్టు వెయ్యలేదు.

తిరిగి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. బస్సు దిగి నేరుగా గుడికే పోయాను. దేవదాస్ దీపంలో నూనె పోసి, వత్తి ఎగదోసి వెలిగించాడు. మంట నిలిచేదాకా గాలికి చెయ్యి అడ్డం పెట్టి కూర్చున్నాడు. ఆ తర్వాత దండం పెట్టకుండా లేచి, చెప్పులు తొడుక్కుని మగ్గానికి పోయాడు.