లెక్కల సారు గొంతు పోయిన ఏడాది

పొద్దున మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక లెక్క పెట్టారు. ఐదు ప్లస్ ఐదు ఇంటూ రెండు ఎంత అని. టిఫిన్లు అయ్యేసరికి చుట్టాలంతా రెండుగా చీలిపోయారు. ఆదిభట్లలో పనిచేసే మా మరిది కంపెనీ బస్సులో కూర్చుని ఇరవై అని వాదిస్తున్నాడు. ఏడో తరగతి చదివే అతని కూతురు వాళ్ళమ్మ ఫోన్లోంచి పదిహేను అని ఒక్క ముక్క రాసి బడికి వెళ్ళిపోయింది. నేను తెలుగు పంతులమ్మను కాబట్టి నన్నెవరూ అడగలేదు. కానీ ఆ లెక్క చూడగానే మా లెక్కల సారు గుర్తొచ్చి, పొయ్యి మీద పాలు పొంగేదాకా అలాగే కూర్చుండిపోయాను.

ఇబ్రహీంపట్నంలో మా బడిలో ఆయనా నేనూ చాలా ఏళ్ళు పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పాం. మధ్యలో గోడ ఉందన్న మాటే గానీ దానివల్ల పెద్ద ఉపయోగం ఉండేది కాదు. నేను పద్యం చెబుతుంటే ఆయన చెప్పే ఎక్కం గోడ దాటి వచ్చి రెండో పాదంలో కూర్చునేది. మా పిల్లలు పద్యం తప్పినా ఎక్కం తప్పేవారు కాదు. అలాంటి మనిషికి, రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉందనగా గొంతు బొంగురుపోయింది. మొదట జలుబన్నారు. మిరియాల పాలు, తులసి కషాయం అన్నీ అయ్యాక పట్నంలో దవాఖానకు తీసుకెళితే, గొంతులో చిన్న గడ్డ ఉందని తీసేశారు. చెడ్డదేమీ కాదట. కానీ డాక్టరు సరేననేదాకా నోరు మెదపకూడదు, ఆ తర్వాతైనా గొంతు ఎంత వస్తుందో చెప్పలేం అన్నారట. ఇదంతా మాకు వాళ్ళింటావిడ చెప్పింది. ఆయన పక్కనే కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

సెలవు పెట్టి ఇంటి పట్టున ఉంటారనుకున్నాం. కొన్నాళ్ళకే చంకలో పలక పెట్టుకుని బడికి వచ్చేశారు. ఆయనకు పోయింది గొంతే అయినా, చెవులు కూడా పోయినట్టు మేమంతా సైగలతో మాట్లాడటం మొదలుపెట్టాం. అటెండరైతే చాయ్ తాగుతారా అని అడగడానికి చిన్న నాటకమే ఆడేవాడు. తరగతిలో ఇంకా కష్టం. ఆయన పలక మీద ‘నిశ్శబ్దం’ అని రాసి పైకెత్తితే, ఏడో తరగతి పిల్లలంతా దాన్ని గొంతెత్తి ఒక్కసారే చదివేవారు.

సరిగ్గా అప్పుడే కూడిక ముందా, గుణకారం ముందా అనే పాఠం వచ్చింది. గొంతున్న రోజుల్లో అయితే ‘బోడ్‌మాస్’ అని గోడలు అదిరేలా పలికించి గట్టెక్కించేవారు. ఇప్పుడు ఎన్నిసార్లు బోర్డు మీద చేసి చూపించినా పిల్లలు ఎడమ నుంచి కుడికి చకచకా చేసుకుపోతున్నారు, తప్పు కొడితే గోల చేస్తున్నారు. ఆ గోలకు మా పెద్ద మేడం వచ్చి ఆయనను వరండాలోకి పిలిచి మెల్లగా చెప్పారు. “సార్, గిట్ల ఎన్ని రోజులు? సెలవు పెట్టుండ్రి. పిల్లలకు సదువు వస్తలేదు, మీ పానం గూడ ఖరాబైతది.” ఆయన పలక మీద ‘రేపొక్కరోజు’ అని రాసి చూపించారు.

మర్నాడు సంచి నిండా సీతాఫలాలు తెచ్చారు. కాయలు దిగుతున్న రోజులవి, బస్టాండు దగ్గర ఎటు చూసినా గంపలే. పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి మూడు కాయలు నేల మీద పెట్టారు. వాటికి కాస్త ఎడంగా నలుగురు పిల్లల్ని నిలబెట్టి తలా రెండు కాయలు చేతికిచ్చారు. పలక మీద 3 + 4 × 2 అని రాశారు. నేను నా తరగతికి ఏదో రాసుకొమ్మని చెప్పి గుమ్మంలో నిలబడ్డాను. పెద్ద మేడం కూడా వచ్చారు.

ఆ తరగతిలో ఒక పొడుగు పిల్ల ఉండేది. ఏదీ ఊరికే ఒప్పుకోదు. “మూడు, నాలుగు ఏడు. ఏడు రెండ్ల పద్నాలుగు. ముందుగాల ఉన్నది ముందుగాల చెయ్యాలె గద సార్” అంది. సారు పలక తుడిచి, 7 అని ఒక్క అంకె రాసి ఆ పిల్ల ముందు పెట్టి, ఏమిటివి అన్నట్టు చేయి తిప్పారు. ఆ పిల్ల వేలు పెట్టి నేల మీది కాయలు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. నాలుగు అంటూ నిలబడ్డ పిల్లవాడి దాకా వచ్చి ఆగిపోయింది.

“గివి కాయలు, గీళ్ళు పోరగాళ్ళు. రెండు గలిపి ఎట్ల లెక్కవెడ్తం సార్?”

సారు కదలలేదు, సాయం చేయలేదు. పిల్ల ఆ నలుగురి చేతుల వైపు చూసి, “అవ్, ముందుగాల వీళ్ళ చేతులల్ల ఎన్నున్నయో చూడాలె. గప్పుడు అన్నీ కాయలే అయితయ్” అంటూ నలుగురి చేతుల్లోవీ నేల మీద పెట్టించింది. పదకొండు. వెనక నుంచి ఎవరో, “మరి పద్నాలుగు ఎప్పుడొస్తది?” అన్నారు. సారు నేల మీది మూడు కాయల బదులు ఇంకో ముగ్గురిని లేపి ఆ నలుగురి పక్కన నిలబెట్టారు. వరసకు ఆ చివర ఒకర్ని, ఈ చివర ఒకర్ని చేతులు వంచి నిలబెట్టారు. వాళ్ళు బ్రాకెట్లు. ఈసారి లోపల ఉన్న ఏడుగురికీ తలా రెండు పంచారు. పద్నాలుగు వచ్చాయి. “మాకు లేవా సార్?” అన్నాయి బ్రాకెట్లు. సారు చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా నవ్వారు.

పెద్ద మేడం వంగి ఒక కాయ తీసుకున్నారు. “సెలవు సంగతి నేను మర్సిపోయిన సార్. మీరు గూడ మర్సిపోండ్రి” అని వెళ్ళిపోయారు. ఆయన మెట్ల మీద అటు తిరిగి కూర్చుని దస్తీతో ముఖం తుడుచుకున్నారు.

చలికాలంలో గొంతు వచ్చింది. పాతది కాదు, కాగితం నలిపినట్టుండే సన్నటి గొంతు. తరగతిలో మొదట పలికింది ఆ పొడుగు పిల్ల పేరే. పిల్లలు బెంచీలు ముందుకు జరుపుకుని వినేవారు. ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, కామర్సట. ఆయన నాదర్‌గుల్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. చూడటానికి వెళితే, పైన విమానం నడపడం నేర్చుకునేవాళ్ళ చప్పుడు పోయేదాకా ఆగి, అప్పుడు మాట్లాడతారు.

ఆయనకు మాట లేని ఆ కొద్ది నెలలూ నాకు రోజు వెంట రోజుగా గుర్తున్నాయి. గొంతు వచ్చాక హాయిగా గడిచిన మిగతా ఏడాదిలో ఏం జరిగిందని అడిగితే మాత్రం ఒక్కటీ చెప్పలేను. దిగులు లేని రోజులు మనసులో చోటైనా అడగకుండా అలా వెళ్ళిపోతాయి కాబోలు.