రిపోర్టులో ఇద్దరు భోజన్నలు

బ్యాంకు మేనేజరు లోను ఇవ్వనన్నాడని మెట్‌పల్లి నుంచి స్వర్ణ ఫోన్ చేసేసరికి, ఆమె మొగుడు భోజన్న సౌదీలోని రాస్ తనూరాలో ఒక ఇంజినీరు ఇంటి డాబా మీద ఏసీ విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. స్పానరు కింద పెట్టి, చెవికి ఆనించిన ఫోన్‌ను చెమటకు జారకుండా భుజంతో అదిమి పట్టాడు.

"ఎందుకియ్యడట?"

"నీ పేరు మీద మోటర్ సైకిల్ లోన్ ఉన్నదట. ఏడేండ్ల కిందిది. కట్టకుండ ఇడిసిపెట్టినవట. సిబిల్ ఖరాబైందంటున్నడు."

"నాకు మోటర్ సైకిల్ నడుపుడే రాదు గద!"

"నేను గదే అన్న. కంప్యూటర్ల ఉన్నదమ్మా, నేనేం జెయ్యాలె అన్నడు."

ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లో ఏసీలు బాగుచేస్తున్నాడు భోజన్న. ఇక చాలనుకుని, మెట్‌పల్లి బస్టాండు దగ్గర ఒక మడిగె చూసుకుని, ఏసీలూ ఫ్రిజ్‌లూ బాగుచేసే షాపు పెట్టుకుందామని పోయినసారి సెలవులో లోనుకు దరఖాస్తు ఇచ్చి వచ్చాడు. మేనేజరు నవ్వుతూ కాగితాలు తీసుకున్నాడు. అడ్డంకి ఇలా వస్తుందని భోజన్న కలలో కూడా అనుకోలేదు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగగానే తానుండే కార్మికుల క్యాంపు ఆఫీసుకు వెళ్లాడు. టైమ్ కీపర్ వాజిద్ హైదరాబాదువాడు, మెహిదీపట్నం మనిషి. జీతాల షీట్లతో పాటు క్యాంపులో సగం మంది కాగితాల కష్టాలు కూడా అతని బల్ల మీదికే వస్తాయి.

"పరేషాన్ కాకు భోజన్న భాయ్," అన్నాడు వాజిద్ అంతా విని. "ముందు నీ అప్పుల చిట్టా, ఆ సిబిల్ రిపోర్ట్ తీద్దాం. మేనేజర్ నోటిమాట కాదు, అందులో ఏం రాసుందో మన కళ్లతో చూడాలె. ఏడాదికి ఒకసారి ఫ్రీగా ఇస్తరు, అది నీ హక్కు."

పాన్ నంబరు కొడితే ఓటీపీ స్వర్ణ ఫోన్‌కు వెళ్లింది. ఆమె కళ్లద్దాలు వెతుక్కుని చదివి చెప్పేలోపల రెండుసార్లు గడువు అయిపోయింది. మూడోసారి గుమ్మంలో నిలబడి సిద్ధంగా ఉండి, అంకెలు రాగానే గబగబా చదివింది. రిపోర్టు తెరుచుకుంది.

వాజిద్ ఒక్కొక్క పేజీ చదివి చెబుతుంటే భోజన్న పక్క కుర్చీలో కూర్చుని విన్నాడు. మొదటిది సహకార బ్యాంకులో పెట్టిన బంగారం లోను. తనదే, తీరిపోయింది. రెండోది పసుపు పంటకు తీసుకున్నది. అదీ తనదే, అదీ తీరిపోయింది. మూడోది మోటర్ సైకిల్. ఇచ్చింది ఒక ఫైనాన్స్ కంపెనీ. తీసుకున్నది 2018 జనవరిలో. పేరు ఎం. భోజన్న. పుట్టిన తేదీ 1974 జూలై ఒకటి. పాన్ నంబరు ఉండవలసిన గడి ఖాళీ. కింద ఒక ఫోన్ నంబరు.

"ఈ నంబర్ నీదేనా?" అంటూ వాజిద్ చదవసాగాడు. సగం చదివేసరికి మిగతా సగం భోజన్న నోటి నుంచి వచ్చేసింది. చివర మూడు ఏడులు.

వాజిద్ తల తిప్పి చూశాడు. "అంటే నీదే!"

"నాది గాదు భాయ్," అన్నాడు భోజన్న మెల్లగా. "పెయింట్ భోజన్నది."

క్యాంపులో ఒకప్పుడు ఇద్దరు భోజన్నలు ఉండేవారు. ఇతను మామిడిపెల్లి భోజన్న, అతను మ్యాకల భోజన్న. ఇద్దరి ఊళ్ల మధ్య నాలుగు కోసుల దూరం. ఒకే ఏజెంటు ద్వారా, ఒకే విమానంలో, 2005లో దమ్మాంలో దిగారు. పుట్టిన తేదీ ఇద్దరికీ తెలియదు. పాస్‌పోర్టు దరఖాస్తు నింపేటప్పుడు ఏజెంటు విసుక్కుని వరుసలో ఉన్న ఆరుగురికీ 1974 జూలై ఒకటే రాసిపడేశాడు. నిజానికి మ్యాకల భోజన్న నాలుగైదేళ్లు పెద్దవాడు. అందుకే ఇతను అతన్ని 'అన్నా' అనేవాడు. క్యాంపులో మాత్రం పని పేరుతో పిలిచేవారు. పైపులకూ ట్యాంకులకూ రంగులు వేసేవాడు పెయింట్ భోజన్న, ఏసీలు బాగుచేసేవాడు ఏసీ భోజన్న. పాకిస్తానీ ఫోర్‌మన్ ఒకరిని పిలిస్తే ఇద్దరూ వచ్చి నిలబడేవారు. ఆయన తల పట్టుకునేవాడు.

పదమూడేళ్లు ఒకే గదిలో, కింద మంచం ఒకరిది, పై మంచం ఒకరిది. శుక్రవారం పొద్దున రహీమా బజారుకు వెళ్లి చేపలు తెచ్చుకునేవారు. చింతపండు పులుసు పెట్టడంలో పెయింట్ భోజన్నను మించినవాడు లేడు. బియ్యప్పిండి దొరికితే మూకుడులో సర్వపిండి అద్దేవాడు. ఆ వాసనకు పక్క గది బంగ్లాదేశీలు పళ్లేలు పట్టుకుని వచ్చేవారు. సాయంత్రం సముద్రం ఒడ్డున కూర్చుంటే, నూనె నింపుకోవడానికి వరుసలో ఆగిన ఓడలు కనిపించేవి. "తమ్మీ, గా మూడో ఓడకు రంగేసినోనికి చెయ్యి తిరగలేదు సూడు, ముక్కు కాడ పెచ్చులు లేసినయి," అనేవాడు అతను, కిలోమీటరు దూరం నుంచే. నిజంగా కనబడేదో లేదో దేవుడికి తెలియాలి.

ఆ రోజుల్లో ఇంటికి మాట్లాడాలంటే కార్డు కొని, వెనక గీకి, వరసగా అంకెలు నొక్కాలి. దగ్గరి చూపు ఆనక పెయింట్ భోజన్న తప్పులు నొక్కేవాడు, కార్డు వృథా అయ్యేది. అందుకని ఏసీ భోజన్నే నొక్కి, మోగాక అతని చేతికి ఇచ్చేవాడు. ఏళ్ల తరబడి వారం వారం నొక్కిన నంబరు మరి. తన సొంత ఇంటి నంబరు మారిపోయి మరచిపోయాడు గానీ, అది మరవలేదు.

2017 చివర పెయింట్ భోజన్న పూర్తిగా ఇంటికి వెళ్లిపోయాడు. ఊళ్లల్లో ఇళ్లకు రంగులు వేస్తానని, నిచ్చెన కట్టుకుని తిరగడానికి మోటర్ సైకిల్ కొన్నానని ఫోన్‌లో చెప్పాడు. రెండేళ్లు తిరగ్గానే గుండె ఆగి పోయాడు. కబురు వచ్చినప్పుడు ఏసీ భోజన్నకు సెలవు దొరకలేదు. ఆ తర్వాత కరోనా వచ్చింది. అతని భార్య, వదిన ముత్తవ్వకు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఏం మాట్లాడాలో తెలియక మూడోసారి చెయ్యలేదు. అలా ఐదేళ్లు గడిచాయి.

"ఇంకేం మరి," అన్నాడు వాజిద్. "ఇది నాది కాదు, ఫలానా మనిషిది, భార్య నంబర్ ఇది అని రాసేద్దాం. వాళ్లే పోయి అడుక్కుంటరు."

"వద్దు భాయ్. నాది గాదని మాత్రం రాయి. ఎవరిదో నాకెరుక లేదు."

ఎరుక ఉన్నదని వాజిద్‌కూ తెలుసు. అయినా మారుమాట అనకుండా అలాగే రాశాడు. రిపోర్టు తీసిన వెబ్‌సైటులోనే, ఆ లోను వరసకు ఎదురుగా 'ఈ ఖాతా నాది కాదు' అన్న గడి ఉంది. దాని మీద నొక్కి ఫిర్యాదు పెట్టాడు. దానికి రుసుమేమీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు వస్తుందన్నాడు.

ఇరవై ఆరో రోజున జవాబు వచ్చింది. వివరాలన్నీ సరిగ్గానే ఉన్నాయని ఫైనాన్స్ కంపెనీ చెప్పిందట, కాబట్టి మార్పు లేదట.

"రిపోర్ట్ రాసేటోళ్లు సొంతంగా ఒక్క అక్షరం మార్చరు భాయ్," అని వివరించాడు వాజిద్. "లోన్ ఇచ్చినోడు ఒప్పుకోవాలె. వాడు కంప్యూటర్‌లో పేరు చూసిండు, పుట్టిన తారీఖు చూసిండు, కరెక్టే అన్నడు. ఇప్పుడు మనం సీదా వాడికే రాయాలె, రుజువులతో. నీ దగ్గర ఏమున్నయి?"

భోజన్న గదికి వెళ్లి మంచం కింద నుంచి రేకు పెట్టె లాగాడు. మూల కత్తిరించిన పాత పాస్‌పోర్టులు రెండు అందులో ఉన్నాయి. పేజీలు తిప్పితే సౌదీ ముద్రలు, హైదరాబాదు ముద్రలు. 2016 నవంబరులో ఇక్కడికి వచ్చాక మళ్లీ సౌదీ దాటింది 2018 ఆగస్టులోనే. లోను కాగితం మీద సంతకం పడిన జనవరి నెలలో తను ఈ క్యాంపులోనే ఉన్నాడు. వాజిద్ హాజరు పట్టీ కూడా తీసి ఇస్తానన్నాడు.

ఇవి చాలు. అయినా భోజన్నకు మనసు నిలవలేదు. తనది కాదని రుజువు చేశాక, ఎవరిదని వాళ్లు వెతకరా? వెతుకుతూ ముత్తవ్వ గడప ముందు బండి ఆపి, వాడకట్టు అంతా వినేలా పిలవరా? వారం రోజులు ఆ కాగితాలు దిండు కిందే ఉన్నాయి. "పంపుదామా?" అని వాజిద్ అడిగితే, "రేపు" అనేవాడు.

చివరికి ఒక శుక్రవారం పొద్దున సముద్రం ఒడ్డుకు వెళ్లి, ఒక్కడే కూర్చుని, ఆ నంబరు నొక్కాడు. ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారనుకున్నాడు. మోగింది.

"ఎవలు?"

"వదినే, నేను... రాస్ తనూరా నుంచి."

"తమ్మీ! నువ్వేనా? ఎంత కాలమైంది రా!"

ముత్తవ్వ అతన్ని ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. మొగుడి పేరూ అదే గనుక ఆమె నోట ఆ పేరు రాదు. పదమూడేళ్లూ 'తమ్మీ' అనే పిలిచింది.

క్షేమసమాచారాలు అయ్యాయి. మోకాళ్ల నొప్పులని చెప్పింది. భోజన్న నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు ఆగి, చివరికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. బ్యాంకు సంగతీ, రిపోర్టు సంగతీ, మోటర్ సైకిల్ సంగతీ.

"గది తీరిపోయింది గద తమ్మీ," అన్నది ఆమె, ఆశ్చర్యంగా.

"తీరిందా? ఎవలు కట్టిన్రు?"

"నేనే. ఆయన పోయినంక ఆఫీసోళ్లు వచ్చిన్రు. బండి అప్పజెప్పమ్మా, ఇగ నిన్ను అడగం అన్నరు. నేనియ్యలే. ఆ బండి టాంకీ మీద ఆయన చేతి రంగు మరకలున్నయి. నీలంది, పచ్చది. ఎట్లిస్త? బీడీలు చేసి నెల నెలా కట్టిన. పద్నాలుగు నెలలు. మెట్‌పల్లి ఆఫీసుకు పోతే పేరు చెప్పమంటరు. ఆయన పేరు నేనెట్ల చెప్తా? కిస్తు పుస్తకం ముందట పెట్టేదాన్ని. ఆ పిల్ల చదివి 'ఈయనేనా' అంటే తల ఊపేదాన్ని." ఆమె నవ్వింది. "ఆఖర్న బాకీ లేదని కాగితమిచ్చిన్రు. బియ్యం డబ్బాల దాచిన."

ఎవరి మీదికి అప్పులవాళ్లను పంపుతానో అని భోజన్న వారం నుంచి కుమిలిపోతున్నాడు. ఆమె ఏనాడో, ఎవరికీ చెప్పకుండా, ఒక్కతే తీర్చేసింది. తను ఐదేళ్లలో ఒక్క ఫోన్ చేసి ఉంటే తెలిసేది. ఏదైనా సాయం చేసేవాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఇన్ని కష్టాలు పడుతూ నాకొక్క మాట చెప్పకపోతివి వదినే."

"నువ్వు చెయ్యవైతివి, నేను చెయ్యనైతి. ఇప్పుడు చేసినవు గద. కాగితం పంపాల్నా?"

మర్నాడు స్వర్ణ బస్సెక్కి ముత్తవ్వ ఊరికి వెళ్లి, ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పంపింది. మధ్యాహ్నం అన్నం తినకుండా ముత్తవ్వ ఆమెను కదలనివ్వలేదట. కాగితం మడతల దగ్గర చిరిగింది గానీ ముద్ర స్పష్టంగా ఉంది. లోను నంబరు, 'బాకీ ఏమీ లేదు' అన్న మాట, తేదీ.

వాజిద్ రిపోర్టులోని నంబరును కాగితం మీది నంబరుతో అంకె అంకె సరిపోల్చుకుని బల్ల మీద చెయ్యి కొట్టాడు. "ఒకటి కాదు, రెండు తప్పులు. తీరిన లోన్‌ను తీరలేదని రాసిన్రు. ఆపైన వేరే మనిషి నెత్తిన పెట్టిన్రు."

ఈసారి ఉత్తరం గట్టిగా తయారయింది. కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారి ఎవరో వెతికి, అతని పేరిటే రాశాడు వాజిద్. లోను నంబరు, ఏ తప్పు ఎక్కడ పడిందో, దానికి రుజువు ఏదో, పొల్లుమాట లేకుండా పెట్టాడు. పాస్‌పోర్టు పేజీలు, పాన్ కార్డు, హాజరు పట్టీ, ముత్తవ్వ కాగితం జతచేశాడు. పంపే ముందు చదివి వినిపిస్తే, భోజన్న ఒక మాట కలపమన్నాడు. ఆ లోను తీసుకున్న మనిషి నిజాయితీపరుడని, ఆయన భార్య పైసాతో సహా తీర్చిందని.

"ఇది వాళ్లకు అవసరం లేదు భాయ్."

"ఉండనియ్యి భాయ్. ఎవలన్న చదువుతరు."

వాజిద్ రాశాడు. రిపోర్టు మీద రెండో ఫిర్యాదు కూడా అదే రోజు పెట్టాడు.

కంపెనీ నుంచి మూడో రోజున ఫోన్ వచ్చింది. కాగితాలు అందాయని, చూస్తున్నామని. తర్వాత పద్దెనిమిది రోజులు ఏమీ లేదు. పంతొమ్మిదో రోజున ఈమెయిల్ వచ్చింది. పేరూ పుట్టిన తేదీ ఒకటే కావడం వల్ల పొరపాటు జరిగిందని, విచారిస్తున్నామని, ఆ ఖాతాను అతని రిపోర్టు నుంచి తీసేయిస్తున్నామని, అసలు లోను 2021లోనే ముగిసినట్టు సరిదిద్దామని రాశారు. మరో పది రోజులకు వాజిద్ కొత్త రిపోర్టు తీశాడు. బంగారం లోను ఉంది, పసుపు లోను ఉంది. మోటర్ సైకిల్ లేదు.

"ముబారక్!" అన్నాడు వాజిద్, చేయి చాపి.

భోజన్న చెయ్యి కలిపాడు, సంతోషించాడు. స్వర్ణకు చెప్పాడు. మేనేజరు ఈసారి దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. మడిగె ఖాయమైంది, సౌదీ వదిలి పూర్తిగా ఇంటికి పోయే ఫైనల్ ఎగ్జిట్‌కు కాగితాలు మొదలుపెట్టుకున్నాడు. అయినా ఆ పేజీ చూసినప్పుడు లోపల ఏదో వెలితి. ఇన్నాళ్లూ తప్పుడు లెక్కగానైనా అన్న పేరు తన పేరులో కలిసి ఉంది.

ముత్తవ్వకు ఫోన్ చేసి అంతా చక్కబడిందని చెప్పాడు. ఆమె విని, "మంచిగైంది తమ్మీ," అని, అక్కడితో ఆగలేదు. పెళ్లైన కొత్తలో ఆయన ఒకసారి ఊరి బడి గోడకు రంగు వేసి, కూలి అడగడానికి సిగ్గుపడి ఉత్త చేతులతో ఇంటికొస్తే, తాను మూడు రోజులు మాట్లాడలేదని చెప్పసాగింది. పదమూడేళ్లు ఒకే గదిలో ఉన్నా అతను ఆ సంగతి భోజన్నకు ఎప్పుడూ చెప్పలేదు.

"అట్లనా? మరి పైసలు ఎట్ల వచ్చినయి వదినే?" అని అడిగాడు భోజన్న, ఒడ్డు మీద కాళ్లు చాపుకుని.