మేము చూడని సరస్సు రంగు

లడాఖ్ వెళ్లి ఆస్పత్రి మంచం మాత్రమే చూసి వచ్చిన ఘనుడు మీకెక్కడైనా తగిలాడా? తగలకపోతే నన్ను చూడండి. గద్వాలలో పత్తి విత్తనాల దుకాణం నాది. ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అమరచింతలో బట్టల దుకాణం నడిపే ఖాజా నా చిన్ననాటి దోస్తు. ఫోన్లో పాంగాంగ్ సరస్సు వీడియోలు చూసీ చూసీ, అన్నం ముందు కూర్చున్నా వాడికి దాని మాటే. కొన్నేళ్ల కిందట ఒక ఎండాకాలం ఇద్దరం దుకాణాలు మూసి విమానమెక్కాం. లేహ్‌లో డోల్మా అనే ఆవిడ ఇంట్లో గది తీసుకున్నాం. మేం సంచులు దించకముందే ఆమె హిందీలో చెప్పింది: "ఇక్కడ గాలి పలచన. రెండు రోజులు పడుకోండి, ఎక్కడికీ కదలొద్దు."

నాకు రోషం వచ్చింది. "గద్వాల ఎండలల్ల పెరిగినోళ్లం. నల్లమల గుట్టలే ఎక్కినం. గిదొక లెక్కనా?" అన్నాను ఖాజాతో.

"ఆమె చెప్తుంది గద. జర ఆగు."

"గాలి పలచనుంటదా? అదేమన్న మజ్జిగనా?"

జవాబు త్వరలోనే దొరికింది. ఇంటి వెనక గుట్ట మీద బౌద్ధ మఠం ఉంది. ఖాజా వద్దంటున్నా పరుగున ఎక్కాను. సగం దూరంలో నా గుండె వడ్ల మిల్లులా మోగింది. ఎదుటి మంచుకొండలు ఒక్కోటీ రెండయ్యాయి. కూలబడ్డాను. నా పని అయిపోయిందనుకుని భార్య సుజాతకు ఫోన్ చేశాను.

"సుజాతా, నేను పోతున్న."

"నిన్ననే పోతివి గద. మల్ల ఏడికి?"

"పైకి."

"పైన సలి ఉంటది. స్వెటర్ ఏసుకున్నవా?"

వెనకే వచ్చిన ఖాజా ఫోన్ లాక్కుని సంగతి చెప్పి, నన్ను వీపున వేసుకున్నాడు. వాడికీ ఊపిరాడటం లేదు. నాలుగడుగులకోసారి ఆగి, "సచ్చిపోతె ఊకోను, చెప్తున్న" అని బెదిరిస్తూ కిందికి దించాడు. డోల్మా తోటపని వదిలేసి బండి తీసి దవాఖానకు చేర్చింది. "ముందే చెప్పాను కదా" అని ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది.

ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. ఇంకా ఎత్తుకు వెళ్తే ప్రాణానికి ముప్పన్నాడు డాక్టర్. సరస్సేమో అంతకంటే ఎత్తున ఉంది.

"నువ్వు పోయి సూసిరా" అన్నాను ఖాజాతో.

"నువ్వు గీడ పండుకుంటె నేను గాడ ఫొటోలు దిగాల్నా? నీళ్లు ఏడికి పోవు తియ్యి." అంటూనే కిటికీ వైపు తిరిగాడు. ఆ వీపుకేసి చాలాసేపు చూశాను. వచ్చిన పని మానుకుని మిగిలిన రోజులన్నీ నా మంచం పక్కనే గడిపాడు. డోల్మా వేడి సూపు తెచ్చేది, ఇద్దరం పంచుకునేవాళ్లం. నన్ను బతికించింది ఆ గొట్టం ఒక్కటే కాదు.

ఖాజా తల్లికి ఆరోగ్యం అంతంత మాత్రం. పరేషాన్ అవుతుందని ఆమెకు చెప్పొద్దనుకున్నాం. తిరిగొచ్చాక సుజాతతో కలిసి వాళ్లింటికి వెళ్తే, చాయ్ ఇచ్చి అడిగింది: "సరస్సు ఏం రంగుంది బేటా?"

"నీలం" అన్నాడు ఖాజా.

"పచ్చ" అన్నాను నేను, సరిగ్గా అప్పుడే.

ఆమె మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. సుజాత నిదానంగా కప్పు కిందపెట్టి, "ఎండను బట్టి రంగు మారుతదంటమ్మా" అంది.

"గట్లనా. పై ఏడు నన్ను తోల్కపోండి. నేను మెల్లగనే ఎక్కుత, ఎవ్వల వీపు అక్కర్లేదు."

ఆమెకు అంతా ముందే తెలుసన్నమాట. ఆ రోజు గుట్ట మీంచి నేను చేసిన ఫోన్ పెట్టేయగానే సుజాత ఏడుస్తూ మొదట పిలిచింది ఆమెనేనట. నాకు నయమయ్యేదాకా ఆ తల్లి రోజూ దువా చేసిందట. ఆమె కాళ్లకు దండం పెట్టి, అందరి సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకపై మా డాబా మీద ఆరేసిన బట్టలు తేవాలన్నా సరే, కింద ఒక పూట పడుకుని లేచాకే మెట్లెక్కుతాను.