పెద్దమ్మ ఫొటో కింది రెండు మాటలు

పోయిన ఆదివారం మా చర్చి గేటుకు కట్టిన ఫ్లెక్సీ చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఏడాది ప్రభువునందు నిద్రించిన వారందరి ఫొటోలూ వరసగా వేసి, ఒక్కొక్కరి పేరు కింద ఫలానా గారి భర్త, ఫలానా గారి భార్య అని వేయించారు. మా పెద్దమ్మ పేరు కింద మాత్రం "గారి భార్య" అని రెండే మాటలు. ఎవరి భార్యండీ? ఆవిడ పెళ్ళే చేసుకోలేదు! మా అమ్మ పోయాక మా నలుగురి కోసం పెళ్ళి మానుకుని, వినగడప చేలల్లో పత్తి తీతలకు వెళ్ళి మమ్మల్ని పెంచిన మనిషిని, చచ్చిపోయాక పేరైనా లేని మొగుడికి కట్టబెట్టారు ఈ మహానుభావులు.

ఇది ఎలా జరిగిందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. పెద్దమ్మ పట్టుబట్టి కంప్యూటరు కోర్సులో చేర్పిస్తే, తిరువూరు బస్టాండు దగ్గరి ప్రెస్సులో డీటీపీ ఆపరేటరుగా కుదిరి, నా వయసంతా ఈ పనిలోనే గడిపినదాన్ని. బడిపిల్లల గుర్తింపు కార్డుకు ఒక టెంప్లేటు చేసిపెట్టుకుని, పేర్లూ ఫొటోలూ ఉన్న ఎక్సెల్ పట్టికను దానికి తగిలిస్తే, మూడొందల కార్డులు వాటంతటవే తయారయ్యేవి. అయితే మా యజమాని అంతటితో ఊరుకోనిచ్చేవారా! ఒకరు పట్టిక పైకి చదవాలి, ఒకరు కార్డు చూడాలి, ఖాళీ గడి కనబడితే పని ఆగిపోవాలి. ఒకసారి ఒక పిల్లకు తండ్రి పేరు లేదని నన్ను షేర్ ఆటోలో గంపలగూడెం తోలారు. ఒక్క కార్డుకోసం ఇంత దూరమా అని నేను విసుక్కుంటే, "నీకది మూడొందల్లో ఒకటమ్మా, ఆ పిల్లకు అదొక్కటే కదా" అన్నారు. తండ్రి వదిలేసి పోయాడనీ, తన పేరు వెయ్యమనీ తల్లి చెప్పింది. ఆ ఒక్క కార్డులో తండ్రి అన్నచోట తల్లి అని మార్చి, విడిగా చేశాను.

సోమవారం పొద్దున్నే ఫ్లెక్సీ షాపుకు వెళ్ళి అక్కడి ఆపరేటరుని కడిగేశాను. పెళ్ళాం పిల్లలున్న మనిషే, ఏమాత్రం తొణకలేదు.

"షీట్‌లో ఆవిడ భర్త పేరు కాలమ్ ఖాళీగా వచ్చిందండి. టెంప్లేట్‌లో ఉన్నది అలాగే పడిపోద్ది."

ఒకసారి చదువుకోవద్దా అంటే, అన్నీ ఎవరు చదువుతారండీ అని నన్నే అడిగాడు. మరి ఏం వెయ్యమంటారంటే, పెళ్ళి మానుకుని చెల్లెలి పిల్లలు నలుగురినీ పెంచి చదివించినావిడ అని వెయ్యమన్నాను.

"అంత పట్టదండీ. ఒక్క లైనుకే చోటుంది."

పట్టకపోతే గడి పెద్దది చెయ్యవయ్యా అన్నాను. అలా చేస్తే వరస చెడిపోతుందట!

మనిషి గురించి నలుగురిని అడిగి తెలుసుకోవడం కూడా మా పనిలో భాగమే అనుకునేవాళ్ళం మేము. ఇప్పుడు మిషన్లు ఎంత తొందరగా పని చేసిపెడుతున్నా, ఆ అడిగే తీరిక మాత్రం ఎవరికీ లేకుండా పోయింది.

ఈ ఆదివారం కొత్త ఫ్లెక్సీ కట్టారు. వరస చక్కగానే ఉంది. అందరి పేర్ల కిందా ఎవరో ఒకరున్నారు, మా పెద్దమ్మ పేరు కింద ఆ రెండు మాటలూ తీసేశారు, ఎవరూ లేరు. మేము నలుగురమూ ఆ గేటు దగ్గరే నిలబడి ఉన్నాము.