పొట్ట బిగబట్టని కొలత

మతిమరుపు ముదిరి కన్నకూతురినే గుర్తుపట్టలేకపోయిన అన్నను చూశాక, తన సంగతేమిటో తెలుసుకోవాలని ఓ దర్జీ జ్ఞాపకశక్తి మీద జరిగే అధ్యయనంలో చేరాడు. ఏటా ఒకసారి వెళ్లి, పరిశోధకురాలు చదివిన మాటలను కాసేపాగి తిరిగి చెప్పాలి. రెండో ఏడు అతను మొదటిసారి విన్న మాటలన్నీ భార్యకు అప్పజెప్పి, బట్టీపట్టి మరీ వెళ్లాడు. తీరా చూస్తే మాటలు మార్చేశారు. కొత్తవి చెప్పబోతే పాతవే నోట్లోంచి గడగడా వచ్చేశాయి.

"అవి పోయినేటివి బాబాయ్‌గారూ! చదువుకొచ్చారా?" ఆమె నవ్వింది. "ఇక్కడ మార్కులెందుకు? ఏటేటా వచ్చే మార్పే కదా మేం చూసేది!"

దర్జీ నాలుక కరుచుకున్నాడు. "కొలతలప్పుడు పొట్ట బిగబట్టేవాళ్లని జీవితమంతా తిట్టానమ్మా. చివరికి నేనూ అదే చేశాను. వచ్చే ఏడు పొట్ట వదిలేసి వస్తాను, ఉన్నదున్నట్టు కొలవండి. నాకూ చూడాలనుంది."