పెనుకొండలో దొరికిన ఫోను వైరు

నా భార్యకు ఎడమ చెవి అసలు వినపడదు. కుడి చెవికి మిషన్ పెట్టుకుంటుంది. ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడితే ఇబ్బంది లేదు. సెల్‌ఫోను మాత్రం ఆమెకు పనికిరాదు. చెవి దగ్గర పెట్టగానే మిషన్ గుయ్యిమంటుంది, మిషన్ తీసేస్తే మాట అందదు. ఇంట్లో ఉన్న పాత ల్యాండ్‌లైను రిసీవరైతే మిషన్ తీసేసి చెవికి గట్టిగా ఆనించుకుని మాట్లాడుకోగలదు. అందుకే హిందూపురంలో మా వీధిలో అందరూ ఎప్పుడో తీసేయించుకున్న ఫోనును మేము ఉంచుకున్నాం. నేను బట్టల అంగడిలో గుమాస్తాను. ఆ బిల్లు కట్టిన ప్రతిసారీ ఇక తీసేయిద్దామా అనుకుంటాను, మధ్యాహ్నం ఆమె ఫోను ముందు కూర్చునే తీరు గుర్తొచ్చి ఊరుకుంటాను.

ఆ మధ్యాహ్నపు ఫోను ధర్మవరం నుంచి వస్తుంది. అక్కడ వాళ్లక్క ఉంది. పట్టుచీరలు నేస్తుంది. తల్లి పోయాక అక్కాచెల్లెళ్లిద్దరికీ పుట్టిల్లంటే ఒకరికొకరే.

ఆ రోజు నేను అన్నానికి ఇంటికొచ్చాను. కంచం ముందు కూర్చుని ఉండగా ఆమె గొంతు పెరిగింది.

"అమ్మ చీర అమ్మేస్తివా? జరీ కొనేవానికా? నన్నొక మాట అడగల్ల అనిపించలేదా నీకు?"

అప్పుడే వీధిలోకి రాగిగడ్డి ట్రాక్టరొకటి వచ్చింది. ఇంటి ముందు ఏదో ఫట్టుమని తెగిన చప్పుడైంది. నా భార్యకు అదేమీ వినపడలేదు. "హలో, హలో" అని కొంతసేపు అని రిసీవరు పెట్టేసింది.

"పెట్టేసింది" అంది నాతో.

నేను చెయ్యి కడుక్కోకుండానే బయటికి పోయాను. స్తంభం నుంచి మా ఇంటికి వచ్చే వైరు గడ్డిలో చిక్కుకుని, తెగి, ట్రాక్టరు వెంట వీధి మలుపు దాకా పోయింది. డ్రైవరు రొళ్ల ఊరి దిక్కు మనిషి. దిగొచ్చి తల గోక్కున్నాడు.

"చూసుకోలేదన్నా. గడ్డి ఎక్కువైపాయ. ఇంత కిందికి ఉంటాదనుకోలేదు."

నిజమే, వైరు కిందికి జారి చాలా కాలమైంది. అతణ్ని ఏమనను? ఇద్దరం కలిసి గడ్డిలోంచి వైరు లాగాం. సగం వైరు చక్రం కింద నలిగి చదునైపోయి ఉంది.

లోపలికొచ్చి విషయం చెప్పాను. "ఆమె పెట్టెయ్యలేదు. వైరు తెగింది."

నా భార్య నా సెల్లు వైపు చూసింది. "తెగితే మీ సెల్లుకు చెయ్యచ్చు గదా. చేసిందా?"

చెయ్యలేదు. నేనే చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. ఆమె అంతా చూసి, నా కంచం తీసుకుని వంటింట్లోకి పోయింది.

ఆ సాయంత్రం నేనే నిచ్చెన వేసుకుని, నలిగిన ముక్క కోసేసి, మిగిలిన రెండు కొసలూ మెలిపెట్టి టేపు చుట్టాను. డయల్ టోన్ వచ్చినట్టే వచ్చి గరగరమని, మళ్లీ చచ్చిపోయింది. మరుసటి రోజు టెలిఫోన్ ఆఫీసుకు పోయి చెప్పుకున్నాను. రెండు మూడు రోజులు తిరిగాక లైన్‌మన్ వచ్చాడు. నడివయసు మనిషి, పొద్దుటి నుంచీ తిండి తినలేదట. మా ఇంట్లో నీళ్లు తాగి అరుగు మీద కూలబడ్డాడు.

"ఇది అతికేది కాదు సార్. స్తంభం కాడి నుంచి కొత్త వైరు వెయ్యల్ల. మా ఆఫీసులో లేదు. ఎప్పుడొస్తాదో నాకూ తెల్దు. మీరే యాడన్నా తెచ్చుకుంటే వేసిస్తా."

"యాడ దొరుకుతాది?"

"అంగట్లో ఇప్పుడెవరమ్ముతారు? ఫైబర్ వేయించుకోండి, అందరూ అదే వేయించుకుంటాండారు."

ఫైబరుకు పెట్టె కొనాలి, నెలకు ఎక్కువ కట్టాలి, కరెంటు పోతే అదీ పోతుంది. ఆ నెలలో చెవి మిషన్‌కు మరమ్మతు అయింది, చేతిలో ఏమీ లేదు. ఆ మాట నేను లైన్‌మన్‌తో అనలేదు గాని అతనికి అర్థమైనట్టుంది. లేచేటప్పుడు, పెనుకొండలో ఒకాయన మునుపు ఎస్టీడీ బూత్ నడిపేవాడనీ, ఆయన దగ్గర వైరు మిగిలి ఉండొచ్చనీ చెప్పాడు.

అంగడికి సెలవు దొరికేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ మధ్య రోజుల్లో మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మధ్యాహ్నం నేను పోయేసరికి ఆమె ఫోను పక్కనున్న కుర్చీలోనే కూర్చుని ఉండేది. "ఒకసారి ధర్మవరం పోయి రా పోనీ" అంటే, "నేనెందుకు పోవల్ల? అమ్మింది ఆమె" అనేది. నేను పోయి కనుక్కుంటానంటే అదీ వద్దంది. రోజంతా నిలబడి చీరలు మడతపెట్టి ఇంటికొచ్చే మనిషిని. గట్టిగా, నిదానంగా, ఎదురుగా కూర్చుని నచ్చజెప్పే ఓపిక నాకు ఉండేది కాదు.

సెలవు నాడు పొద్దున పాసింజరులో పెనుకొండ పోయాను. బూత్ ఉన్న చోట ఇప్పుడు జిరాక్సు మిషనూ సెల్లు కవర్లూ ఉన్నాయి. ఆయన నా మాట విని నవ్వాడు.

"వైరా? ఉండాది. చూపిస్తా రాప్పా."

వెనకున్న ఇంటి మిద్దె మీదికి తీసుకెళ్లాడు. మిద్దె మీద ఈ గోడ నుంచి ఆ గోడకు నాలుగు వరసలు నల్లటి ఫోను వైరు కట్టి ఉంది. దాని మీద లుంగీలు, దుప్పట్లు, పిల్లల గౌన్లు ఆరుతున్నాయి. ఆయన భార్య బకెట్టుతో అక్కడే ఉంది.

"ఈయనకు వైరు కావల్లంట" అన్నాడాయన.

"ఇచ్చేసి బట్టలు యాడ ఆరేసుకోవల్ల?" అందామె, నా వైపు చూడకుండా.

నాకు తోచింది చెప్పాను. "నైలాను తాడు తెచ్చి నేనే కట్టిస్తానమ్మా. తుప్పు మరకలు కూడా పడవు."

ఆమె ఒక దుప్పటి తిప్పి చూసింది. దాని మీద తుప్పు మరక ఉంది. "గట్టి తాడు తేవల్ల. దుప్పట్లు బరువు" అంది.

బజారుకు పోయి తాడు తెచ్చాను. బట్టలు ఆరేదాకా ఆ మిద్దె మీదే నీడ చూసుకుని కూర్చున్నాను. ఆయన ఎదురుగా ఉన్న కొండను చూస్తూ, బూత్ రోజుల్లో జనం వరస కట్టేవాళ్లనీ, కొందరు గాజు తలుపు వేసుకుని లోపల ఏడ్చేవాళ్లనీ చెప్పాడు. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. బట్టలు తీశాక ఆమె చెప్పిన ఎత్తులో తాడు కట్టి, ముడులు ఆమె లాగి చూసి సరేనన్నాక, వైరు చుట్ట భుజానికి తగిలించుకుని స్టేషనుకు వచ్చాను.

హిందూపురం బండి రావడానికి చాలా టైముంది. ధర్మవరం బండి ముందొచ్చింది. వద్దన్న మాట గుర్తుంది. అయినా ఎక్కేశాను. ఇంత దూరం వచ్చి, ఊరికే వైరు తీసుకుపోతే ఆ వైరులో ఎవరు మాట్లాడతారన్న దిగులు పట్టుకుంది.

వదిన ఇల్లు చేరేసరికి, చీర ఎందుకు అమ్మిందో నాకు అర్థమైంది. గడప దగ్గర నుంచే బురద వాసన వస్తోంది. చీర అమ్మడానికి ముందు పడిన వానకు వీధి నీళ్లు ఇంట్లోకొచ్చి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంత నిండిపోయిందట. నీళ్లు ఎత్తిపోశారు గాని అడుగున బురద ఇంకా ఉంది. మగ్గం మీద చీర లేదు, పోగులు లేవు, ఒట్టి కట్టెలు.

వదిన నా భుజం మీది వైరు చూసింది. "ఏందప్పా అది?"

"ఫోను వైరు వదినా. ఆ పొద్దు ట్రాక్టరు తగిలి తెగిపాయ. ఆమె ఫోను పెట్టెయ్యలేదు."

వదిన చేతిలోని చెంబు కింద పెట్టింది. "నేను పెట్టేసిందనుకుంటి. నీ నంబరు వచ్చింటే చూసినా. నీతో కూడా అనిపించుకునే ఓపిక లేక ఎత్తలేదు."

"నేనేమంటా వదినా?"

"అనవు. నాకు తెలుసు. ఆ పొద్దు తెలీలేదు."

నాకు తాగడానికి మజ్జిగ ఇచ్చి, గుంత అంచున కూర్చుని చెప్పింది. తడిసి పోగులన్నీ పాడైపోయాయి. మళ్లీ పట్టు తెచ్చుకోవాలి. తల్లి చీర మడతల్లో చిరిగిపోయి చాలా కాలమైంది, కట్టుకునేందుకు లేదు. జరీలోని వెండి కోసం పాత చీరలు కొనేవాడు వీధిలోకి వచ్చిన రోజు పెట్టె తీసింది.

"ఇంట్లోకి నీళ్లొచ్చిన సంగతి ఆమెకు చెప్పినావా?"

"యాడ చెప్పనిచ్చె? చీర మాటతోనే మొదలుపెడితి. ముందు నీళ్ల సంగతి చెప్పింటే బాగుండు. అయినా చెప్తే దుడ్లు పంపుతాననేది. మీకాడ మాత్రం యాడుండాయి?"

ఆ మాట నేను పోయి చెప్పనా అని అడిగాను. వద్దంది. "నేనే చెప్తా. నువ్వు వైరు వేయించు."

ఎప్పుడో రావలసినవాణ్ని, బాగా చీకటి పడ్డాక ఇల్లు చేరాను. నా భార్య వైరు చూసింది, తర్వాత నా కాళ్లు చూసింది. ధర్మవరంలో వదిన ఇంటి బురద నా పంచె అంచుకు అంటుకుని ఉంది.

"పోయినారా?"

"పోయినా."

"ఏమనింది?"

"తానే చెప్తానంది."

ఆమె పొయ్యి వెలిగించింది. నీళ్లు కాచి పెట్టింది.

లైన్‌మన్ రెండు రోజుల తర్వాత వచ్చాడు. ఎండకు వైరు తోలు అక్కడక్కడ పగిలింది. అతను ఒక కొస లైనుకు కలిపి, రెండో కొసకు లైను పరీక్షించే ఫోను తగిలించి విని, "బాగానే ఉండాది సార్, పగిలిన కాడ టేపు చుడదాం" అన్నాడు. ఇద్దరం అరుగు మీద కూర్చుని టేపు చుట్టాం. ఈసారి బాగా పైకి, ట్రాక్టరుకు అందనంత ఎత్తున కట్టాడు. లైను వచ్చిందని చెప్పడానికి నేను వదినకు సెల్లు చేశాను. ఎత్తింది.

కాసేపటికి ల్యాండ్‌లైను మోగింది. నా భార్య చెవి మిషన్ తీసి బల్ల మీద పెట్టి, చీర కొంగుతో రిసీవరు తుడిచి ఎత్తింది. చాలాసేపు వింటూ ఉంది. నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను.

"గుంత నిండా వచ్చిందా?" అంది చివరికి. తర్వాత, "నాకెందుకు చెప్పలేదు?" ఇంకా తర్వాత, "అది కాదక్కా. చీర పోతే పోనీ. నువ్వొక్కతే నీళ్లు ఎత్తిపోసుకుంటివి గదా, అది నాకు బాధ."

ఆ తర్వాతి మాటలు నేను వినలేదు. అలాగే నిద్రపోయాను. లేచేసరికి ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది, పప్పు ధర గురించి.

మరుసటి వారం ఆమె ధర్మవరం పోయింది. మగ్గం గుంతలో బురద తీసి, మట్టి వేసి అలికి, పట్టు వచ్చేదాకా ఉండి వస్తానంది. నేను వండుకుని, తిని, అంగడికి పోయి వస్తూ ఉన్నాను. మూడో రోజో నాలుగో రోజో మధ్యాహ్నం ఫోను మోగింది. వదిన.

"తిన్నావా అని అడుగుతాంది."

"తిన్నా అని చెప్పు వదినా."

వదిన అటు తిరిగి గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పడం వినపడింది. కాసేపటికి మళ్లీ ఫోనులోకి వచ్చింది.

"ఏం కూర అని అడుగుతాంది."

కూర ఏమీ లేదు, మజ్జిగా ఊరగాయే. వంకాయ కూర అని చెప్పాను.